అవ్వ కబుర్లు ఇంగ్లీషులో: ఈ విడత కొటేషన్ల పని

మా అవ్వ చెప్పే పాత కబుర్లను ఫోన్లో రికార్డు చేసుకుని, అమెరికాలో పెరుగుతున్న మా అక్క పిల్లల కోసం ఇంగ్లీషులో రాస్తున్నా. కథ నడిపేంతవరకు ఇబ్బంది లేదు. ఎవరో ఏదో అన్నారని రాయాల్సి వస్తేనే పని నెమ్మదిస్తుంది. అవ్వ కబుర్లలో సగం "వాడట్లన్యాడు, నేనిట్లంటి" అనే వరసే మరి. అందుకే ఈ విడతంతా దానిమీదే కూర్చున్నా.

నోట్‌బుక్కులో ఎడమ పేజీలో అవ్వ మాట ఉన్నదున్నట్టు రాస్తా. కుడి పేజీలో పైన కొటేషన్‌తో, కింద రిపోర్టెడ్ స్పీచ్‌లో, అంటే ఆ మాటను కొటేషన్ లేకుండా మన మాటల్లో మార్చి రాసి, నచ్చనిది కొట్టేస్తా.

ఎద్దుల బేరానికి వచ్చినాయన "రేపొచ్చి దుడ్లిస్తా" అన్నాడట. పైన రాసింది: హి సెడ్, “ఐ విల్ పే యు టుమారో.” సెడ్ తర్వాత కామా, కొటేషన్‌లో మొదటి అక్షరం క్యాపిటల్, ఫుల్‌స్టాప్ లోపలే. కింద రాసింది: హి సెడ్ దట్ హి వుడ్ పే హర్ ది నెక్స్ట్ డే. ఇక్కడ కామా లేదు, కొటేషన్ లేదు. ఐ పోయి హి, విల్ పోయి వుడ్, యు పోయి హర్ వచ్చాయి. ఆ మాటను అదే రోజు చెబుతుంటే టుమారోని మార్చక్కర్లేదు. ఇది యాభై ఏళ్ల కిందటి బేరం కాబట్టి మార్చాల్సిందే.

ప్రశ్నలకు ఇంకో తంటా. "యాడికి పోతాండావు?" అని బయల్దేరే మనిషిని అడగొద్దంటుంది అవ్వ, తను మాత్రం అందర్నీ అడుగుతుంది. షి ఆస్క్‌డ్ హిమ్ వేర్ హి వాజ్ గోయింగ్. వాజ్ హి అని తిప్పకూడదు, చివర ప్రశ్న గుర్తు పెట్టకూడదు. "బువ్వ తింటివా?" లాంటి అవును-కాదు ప్రశ్నకు ఇఫ్ కావాలి: షి ఆస్క్‌డ్ హిమ్ ఇఫ్ హి హాడ్ ఈటెన్. కొటేషనే ఉంచితే “వేర్ ఆర్ యు గోయింగ్?” షి ఆస్క్‌డ్. ప్రశ్న గుర్తు ఉంది కాబట్టి కామా వద్దు, షి చిన్న అక్షరంతోనే.

నాకు బాగా నచ్చింది మాటలో మాట. అవ్వ మాట డబుల్ కొటేషన్‌లో, ఆమె చెప్పే అబ్బ (తాత) మాట సింగిల్‌లో: “హి సెడ్, ‘డోంట్ సెల్ ది బుల్స్,’ బట్ ఐ సోల్డ్ దెమ్.” ఇది అమెరికన్ పద్ధతి. బ్రిటిష్ పుస్తకాల్లో ఎక్కువగా సింగిల్ బయట, డబుల్ లోపల ఉంటాయి. చదివే పిల్లలు అక్కడివాళ్లు కాబట్టి డబుల్‌తోనే పోతున్నా. అవ్వ ఆపకుండా చెబుతూ పేరాలు దాటితే, ప్రతి పేరా మొదట్లో కొటేషన్ తెరవాలి, మూసేది ఆఖరి పేరా చివరే. చూడ్డానికి వింతగా ఉన్నా అదే పద్ధతి.

పదాల సందేహాలకు మా కడపలో పనిచేసిన బ్రౌన్ దొర నిఘంటువు ఉంది, 1852 నాటిది. కామాల విషయంలో ఆయనేం చేయలేడు.

ఊరికే సమాచారమైతే రిపోర్టెడ్ స్పీచ్, అవ్వ గొంతు వినబడాలంటే కొటేషన్ అని పెట్టుకున్నా. వచ్చే విడత అవ్వ తిట్లు. అవన్నీ కొటేషన్లోనే ఉంటాయి.