వంటింటి భాషలో యెర్మా

దక్షిణాఫ్రికాలోని స్టెల్లెన్‌బాష్ యూనివర్సిటీ గ్రంథాలయం నేల మీద కనిపించదు. మైదానం అడుగున కట్టారు, మెట్లు దిగి వెళ్లాలి. మార్చి ఎండలోంచి ఆ చల్లదనంలోకి దిగి, అడిగిన పుస్తకం చేతికొచ్చేసరికి నాకు గుండె దడదడలాడింది. స్పెయిన్ కవి లోర్కా రాసిన నాటకం ‘యెర్మా’కు ఆఫ్రికాన్స్ అనువాదం అది. ఆఫ్రికాన్స్ అంటే దక్షిణాఫ్రికాలో డచ్చి నుంచి పుట్టిన భాష. చేసినవాడు ఆ భాష కవి ఎయ్స్ క్రిఖె.

యెర్మా ఓ పల్లెటూరి ఇల్లాలు. పెళ్లై ఏళ్లు గడిచినా కడుపు పండదు. మొగుడికి పొలం పనులు తప్ప ఇంకేమీ పట్టవు. వాగులో బట్టలుతికే ఆడవాళ్లు ఆమె గురించి అనుకునే మాటలు చదువుతుంటే మన చాకిరేవే కళ్లముందు కొచ్చింది. చివరికి మొగుడి గొంతు నులిమేసి, నా బిడ్డను నేనే చంపుకున్నానని అరుస్తుంది. 1934 డిసెంబరులో మాడ్రిడ్‌లో తొలిసారి ఆడారు. రెండేళ్లు తిరక్కముందే, స్పెయిన్ అంతర్యుద్ధంలో లోర్కాను కాల్చి చంపారు.

క్రిఖె 1930ల మొదట్లో స్పెయిన్‌లో ఉన్నాడు. 1937లో, ఆ యుద్ధం సాగుతుండగా, ఫాసిస్టు బాంబర్ల మీద ఆఫ్రికాన్స్‌లో కవిత కూడా రాశాడు. ఆ భాషకు అధికార హోదా వచ్చింది 1925లోనే. అంతకుముందు దాన్ని ‘వంటింటి భాష’ అని చులకన చేసేవాళ్లు. యెర్మాకు మాత్రం వంటింటి భాషే కావాలి, ఆమె గోడు అంతా అక్కడిదే కదా!

మర్నాడు కారులో స్వెల్లెండామ్ బయల్దేరాను. క్రిఖె 1910లో పుట్టిన పొలం ఆ ఊరి దగ్గరే. గోధుమ కోతలైపోయి దారి పొడవునా మోళ్లే. ఎండి తెల్లబోయిన నేల మీద గొర్రెలు. స్పానిష్‌లో బీడును చెప్పే మాట నుంచే లోర్కా ఆమెకు పేరు పెట్టాడు. మనకైతే నేలకు బీడు, మనిషికి గొడ్రాలు. క్రిఖె ఆ పేరు మార్చకుండా ఉంచాడు, మంచి పని చేశాడు. ఆఫ్రికాన్స్‌లో పొలం నవలలు బోలెడు. వాటిలో బిడ్డ అంటే భూమికి వారసుడు. యెర్మా అలాంటి పొలంలోనే నిలబడి, భూమికి కాదు, నాకు కావాలి బిడ్డ అన్నట్టుంటుంది. పరాయి నాటకం ఈ భాషకు ఇచ్చిన గొప్ప బలం నాకైతే ఇదే.

బస చేసిన ఇంటావిడకు డెబ్బై దాటాయి. అక్కడ పెద్దావిడను ‘టానీ’ అని పిలుస్తారు, మన పిన్ని, అత్తయ్య లాగ. రాత్రి వంటింట్లో, అనువాదంలోని మాటలు రాసుకున్న నా నోట్‌బుక్ చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని పైకే చదివారు. నాకు బిడ్డ లేదు అనడానికి వాళ్లు ‘ఎక్ హెట్ ని అ కింట్ ని’ అంటారట. ‘ని’ అంటే లేదు. ఒకసారి మధ్యలో, మళ్లీ చివర్లో. స్పానిష్‌లో ఒక్కసారి లేదంటే సరిపోతుంది, ఇక్కడ యెర్మా రెండుసార్లు లేదనుకోవాలి. టానీ ఆ రెండో ‘ని’ దగ్గర గొంతు తగ్గించారు. నాకు ఏడుపొచ్చింది.

నాటకం మొదట్లో జోలపాట ఉంది. దాన్ని ఆవిడ చదవలేదు, పాడారు. బాణీ ఎక్కడిదని అడిగితే, మా అమ్మ నాకు పాడిందే అన్నారు.

పొద్దున్నే బయల్దేరుతుంటే కారు దగ్గరికి రస్కుల డబ్బా తెచ్చిచ్చి, మీ భాషలో జోల ఎలా పాడతారో వినలేదే అన్నారు. ఇంజన్ ఆపి కిందికి దిగాను.