మితం అంటే ఎన్ని గ్రాములు?

"కానా పెళ్లిలో ప్రభువే ద్రాక్షారసం చేశాడు కదా బ్రదర్, మితంగా తీసుకుంటే తప్పేంటి?" యూత్ మీటింగుల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. ఒకరు మద్యంతో మత్తులు కావద్దనే ఎఫెసీ 5:18 చదువుతారు, ఇంకొకరు తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలు చెప్పిన సలహా చూపిస్తారు. ఆ మితం ఎంతో మాత్రం ఎవరూ కొలవరు.

వాక్యం వరకూ విషయం సూటిగానే ఉంది. మత్తు పాపం. ద్రాక్షారసం మాత్రం కీర్తన 104:15లో దేవుడిచ్చిన ఈవి. పూర్తి నిషేధం నాజీరులకు (మొక్కుబడితో దేవునికి ప్రత్యేకమైనవాళ్లు), ఆరాధన గుడారంలో సేవకు వెళ్లే యాజకులకు పెట్టారు, అందరికీ కాదు. కాబట్టి చుక్క ముట్టినవాడికి రక్షణే లేదని పుల్పిట్ ఎక్కి చెప్పడం వాక్యాన్ని మించి మాట్లాడటమే.

అయితే వాళ్లు తాగినది వేరు, మనకు దొరికేది వేరు. అప్పటి గ్రీకు, రోమా లోకంలో ద్రాక్షారసంలో నీళ్లు కలుపుకోవడం మామూలు. కతోలిక బైబిల్లో ఉండే 2 మక్కబీయులు 15:39లోనూ ఆ ప్రస్తావన ఉంది. బట్టీ పెట్టి దించిన విస్కీ, బ్రాందీ అప్పుడు లేవు. మన వైన్ షాపుల్లో (పేరుకే వైన్) ఎక్కువగా అమ్ముడయ్యేవి అవే, సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది.

లెక్క తేలికే. మిల్లీలీటర్లను శాతంతో గుణించి 100తో భాగించండి, వచ్చినదాన్ని 0.789తో గుణిస్తే ఆల్కహాల్ గ్రాముల్లో వస్తుంది. 60 మి.లీ. పెగ్గులో 20 గ్రాములు. 180 మి.లీ. క్వార్టర్‌లో 61. 650 మి.లీ. బీరు 5 శాతమైతే 26, స్ట్రాంగ్ 8 శాతమైతే 41. వైన్ 12 శాతమైతే 150 మి.లీ.కి 14. అమెరికాలో ఒక డ్రింకు అంటే 14 గ్రాములే. బ్రిటన్‌లో వైద్యులు చెప్పే వారం పరిమితి 112 గ్రాములు, అదీ ఒక్కరోజే కాకుండా కనీసం మూడు రోజులకు సర్దుకుని. రెండు క్వార్టర్లతో ఆ వారం కోటా దాటిపోతుంది. ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. "ఒక్క క్వార్టరే కదా" అనేవాడు కానా పేరు ఎత్తకపోవడం మేలు.

ఈ తేడా మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీకి తెలుసు. 1743 నాటి ఆయన నియమాలు తాగుబోతుతనంతో పాటు, అత్యవసరమైతే తప్ప ఘాటు సారాయిలు కొనడం, అమ్మడం, తాగడం వద్దన్నాయి. వైన్, బీరు ఊసెత్తలేదు. చుక్క కూడా ముట్టొద్దనే పట్టుదల ప్రొటెస్టంట్లలో బలపడింది 19వ శతాబ్దపు మద్యపాన వ్యతిరేక ఉద్యమంతో. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన నేలలో ఆ పట్టుదలకు నేను విలువిస్తాను. కాకపోతే దానికి ఆధారం రోమా 14:21: సహోదరుడు తొట్రుపడకూడదని మానుకోవడం.

ఆ వాక్యం ముందుగా పాటించాల్సింది రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభుబల్ల దగ్గరే. కతోలికులకు బల్లపై ద్రాక్ష వైనే ఉండాలి. తాగుడు జబ్బున్న ఫాదర్‌కు బిషప్ అనుమతితో దాదాపు పులియని రసం వాడే వీలుంది. ప్రొటెస్టంట్ సంఘాలకు 1869లో థామస్ వెల్చ్ ద్రాక్షరసాన్ని వేడిచేసి పులియకుండా ఆపి దారి చూపించాడు. మన దగ్గర పొరపాటు ఎక్కడంటే, ద్రాక్ష చిదిమి, చక్కెర కలిపి, జాడీలో మూడు వారాలు ఉంచి "ఇంట్లో చేసిందే, మత్తుండదు" అనుకోవడం. తొక్క మీది ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్ చేసేస్తుంది. అది అచ్చమైన వైనే. తాగుడు మానిన మనిషికి ఆ వాసనే ప్రమాదం.

పులియని రసం కావాలంటే 2 కిలోల నల్ల ద్రాక్ష కడిగి, కాడలు తీసి, స్టీలు గిన్నెలో చిదిమి 80-85 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచండి. ఇత్తడి, అల్యూమినియం వద్దు, పులుపుకు లోహం దిగుతుంది. గుడ్డలో వడకట్టి, మరిగించిన సీసాల్లో వేడిగా ఉండగానే నింపి మూతపెట్టండి. దాదాపు లీటరు వస్తుంది. చిన్న కప్పుకు 6 మి.లీ. చొప్పున 150 మందికి పైగా సరిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడండి, నెలకోసారి బల్ల అయితే ఫ్రీజర్‌లో. మూత ఉబ్బినా, బుడగలు లేచినా పారబోయండి.