డూథీ హిల్ అడవిలో ఆడవాళ్ల సైకిల్ పాఠాలు

సియాటెల్‌కు తూర్పున సమామిష్, ఇసక్వా, రెడ్‌మండ్ ఊళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉంటారు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉద్యోగాల కోసం వెళ్లి స్థిరపడినవాళ్లే ఎక్కువ. ఇక్కడి నుంచి వెళ్లిన చుట్టాలకు వాళ్లు చూపించేవి కూడా దాదాపు అవే: స్పేస్ నీడిల్, స్నోక్వాల్మీ జలపాతం, మౌంట్ రెయినియర్. అవన్నీ నేనూ చూశాను, అన్నీ బాగున్నాయి. కానీ ఆ ప్రయాణంలో నా మనసు పట్టుకున్నది మా చెల్లి ఇంటికి దగ్గర్లోనే ఉన్న డూథీ హిల్ పార్కు. అక్కడ కొందరు ఆడవాళ్లు, పైసా తీసుకోకుండా, తోటి ఆడవాళ్లకు కొండ దారుల్లో సైకిల్ తొక్కడం నేర్పుతున్నారు.

నేను హైదరాబాద్‌లో ఏళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను. గండిపేట రోడ్డు, చిలుకూరు వైపు, 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడతో 23 కిలోమీటర్ల ట్రాక్ వచ్చాక అదీ. మట్టి దారి మీద మోజు పుట్టింది మాత్రం అనంతగిరిలో. వికారాబాద్ పక్కన, మూసీ పుట్టే కొండల్లో, ఎర్రమట్టి మీద, ఎండుటాకుల మీద టైరు చేసే చప్పుడు ఒకసారి విన్నాక తారు రోడ్డు చప్పగా అనిపిస్తుంది. కాకపోతే అక్కడ నేర్పేవాళ్లు లేరు. గ్రూపులో ముందు వెళ్లే మగవాళ్లు దిగుడు రాగానే జారిపోయి కింద నిలబడి "ఏం కాదు, వచ్చేయండి" అంటారు. వెనక ఉన్న మాకు తెలియాల్సింది ఏం అవుతుందో, అవదో కాదు, ఎలా రావాలో. ఇంట్లో అయితే "మెల్లగా వెళ్లు, పడకు" అనే మాట తప్ప ఇంకోటి వినలేదు. బరువు ఎక్కడ ఉంచాలి, ఏ వేలితో బ్రేక్ పట్టాలి, చూపు ఎటు పెట్టాలి అని ఎవరైనా విడమరిచి చెప్పడం నేను ఈ అడవిలోనే మొదటిసారి విన్నాను.

సంగతి మా చెల్లి కూతురు వల్ల తెలిసింది. పన్నెండేళ్ల పిల్ల, స్కూల్లో స్నేహితురాలి అమ్మ అక్కడ నేర్పుతుందట. "పెద్దమ్మా, నువ్వు సైకిల్ తొక్కుతావుగా, రా" అని పేరు రాయించేసింది. సెలవుకు వెళ్లిన మనిషికి సైకిల్ ఎక్కడిదంటే, అద్దెకు దొరుకుతుంది. ఇసక్వాలో ఒక షాపులో రెండు వైపులా షాక్ అబ్జార్బర్లున్న బండి తీసుకున్నాం. అమ్మ హైదరాబాద్ నుంచి ఫోన్‌లో "ఈ వయసులో అడవిలో సైకిలేంటే, ఎలుగుబంట్లు ఉంటాయట కదా" అని ఒకటే టెన్షన్. చెల్లి ఫోన్ లాక్కుని "అక్కకి హెల్మెట్ ఉంది, మోకాళ్లకి ప్యాడ్లున్నాయి, పక్కన మనుషులున్నారు, నువ్వు పడుకో అమ్మా" అని సర్దిచెప్పింది.

సెప్టెంబరు ఆఖరు. వేసవంతా ఎండి దుమ్ము లేచే దారులు తొలి వానలకు తడిసి, టైరుకు మట్టి చక్కగా పట్టిచ్చే రోజులు. కారు దిగి కాస్త నడిస్తే చాలు, వెలుతురు మారిపోతుంది. డగ్లస్ ఫర్, వెస్టర్న్ రెడ్ సీడర్ చెట్లు నిటారుగా పైకి లేచి ఆకాశాన్ని మూసేస్తాయి. కింద నడుమెత్తు ఫెర్న్ మొక్కలు, పడిపోయిన మానుల మీద పచ్చటి నాచు, దారికి అడ్డంగా జానెడు పొడవు పసుపు రంగు స్లగ్, అంటే గుల్ల లేని నత్త, ఒకటి. దాన్ని తొక్కకుండా అందరూ సైకిళ్లు ఎత్తి దాటించారు. ఆ అడవి మధ్యలో ఒక ఖాళీ జాగా, అందులో చెక్క షెడ్డు. దారులన్నీ అక్కడి నుంచే బయల్దేరతాయి.

ఈ పార్కు కథ కొంచెం చెప్పాలి. స్థలం కింగ్ కౌంటీది, అంటే మన జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వానిది, 120 ఎకరాల పైచిలుకు. దారులు వేసింది ఎవర్‌గ్రీన్ మౌంటెన్ బైక్ అలయన్స్ అనే సంస్థ, దాని వెంట వచ్చిన వాలంటీర్లు. 1989లో బ్యాక్‌కంట్రీ బైసికిల్ ట్రైల్స్ క్లబ్ అనే పేరుతో ఆ సంస్థ మొదలైంది. అప్పట్లో కొండ దారుల్లోకి సైకిళ్లను రానివ్వకుండా ఒక్కొక్కటే మూసేస్తుంటే, తొక్కేవాళ్లు ఒక్కటై, దారులు పాడుచేసేది మేం కాదు, బాగుచేసేది మేమే అని పారలు పట్టుకుని చూపించారు. సియాటెల్ నగరం నడిబొడ్డున ఐ-5 హైవే వంతెన కింద పనికిరాకుండా పడున్న జాగాను కూడా వీళ్లే సైకిల్ పార్కుగా మార్చారు. అక్కడ వానాకాలంలోనూ తడవకుండా తొక్కొచ్చు. డూథీ హిల్ 2010లో తెరిచారు. లోపలికి టికెట్ లేదు.

మేం వెళ్లింది ఆడవాళ్ల చిన్న గుంపు నడిపే క్లాసుకి. ఇద్దరు కోచ్‌లు, వెనక ఎవరూ తప్పిపోకుండా చివర తొక్కే ఒకామె. ముగ్గురికీ వేరే ఉద్యోగాలున్నాయి. ఒకామె నర్సు, ఒకామె స్కూల్ టీచర్, చివర తొక్కే ఆమె రిటైరైంది, అరవై దాటాయి. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో కాలేజీ పిల్లల నుంచి నా వయసు వాళ్ల దాకా ఉన్నారు.

తొక్కడం కన్నా ముందు చాలాసేపు సైకిళ్లతోనే పని. నాకు ఎక్కువ ఉపయోగపడింది ఇదేనేమో. టీచర్ జేబులోంచి చిన్న ఎల్-కీ తీసి, ఒక్కొక్కరి చేతి వేళ్లు చూసి, బ్రేక్ లీవర్లను హ్యాండిల్‌కు దగ్గరగా జరిపింది. షాపులో బండి పెద్ద చేతులకు సరిపోయేలా ఉంటుంది. మన చేతులు చిన్నవి, వేలు అందక చెయ్యంతా చాపితే పట్టు పోతుంది. లీవర్ దగ్గర ఉన్న ఒక్క స్క్రూ తిప్పితే ఆ బాధ తీరుతుందని ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు. తర్వాత షాక్ అబ్జార్బర్లలో గాలి. మనిషి ఎక్కి నిలబడితే అవి కుంగగలిగే మొత్తం పొడవులో ఇరవై నుంచి ముప్పై శాతం దాకా కుంగాలి. బరువైన మనిషికి పెట్టిన గాలితో తేలికైన మనిషి తొక్కితే అవి కదలనే కదలవు, ప్రతి వేరూ చేతుల్లోకి కొడుతుంది. టైర్లలో గాలి కూడా బాగా తగ్గించారు. రోడ్డు మీద గట్టిగా కొట్టించుకునే అలవాటున్న నాకు ఆ మెత్తదనం మొదట వింతగా అనిపించింది. మట్టి మీద ఎక్కువ మేర ఆనితేనే కదా పట్టు అని నర్సు చెప్పింది.

నేను ఇండియా నుంచి వచ్చానని తెలిసి ఆమె ఇంకో మాట అడిగింది: "మీ దగ్గర ముందు బ్రేక్ ఏ చేతికి ఉంటుంది?" మన సైకిళ్లకు ఎక్కువగా కుడిచేతికి ఉంటుంది. అమెరికాలో ఎడమచేతికి. దిగుడులో ఉన్నట్టుండి తప్పు చేయి నొక్కితే మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పోవచ్చు. అందుకని చదునైన చోట అటూ ఇటూ తిప్పి, చేతులకు అలవాటయ్యే దాకా నన్ను వదల్లేదు. విదేశాల్లో సైకిల్ అద్దెకు తీసుకునే మనవాళ్లందరికీ ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఆ తర్వాత నిలబడే తీరు. దిగుడులో సీటు మీద కూర్చోకూడదు. సీటును కిందికి దించేయాలి. ఈ బళ్లకు హ్యాండిల్ దగ్గర మీట నొక్కితే సీటు దిగుతుంది, దాన్ని డ్రాపర్ అంటారు. రెండు పెడళ్లూ ఒకే ఎత్తులో, మడమలు కొంచెం కిందికి, మోకాళ్లు వదులుగా, మోచేతులు బయటికి. వంగేది నడుము దగ్గర కాదు, తుంటి దగ్గర. మన పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్లు వీపు చదునుగా ఉంచి వంగే తీరు గుర్తొచ్చి, అలాగే వంగితే కోచ్ "అదే, సరిగ్గా అదే" అంది. బరువంతా పాదాల మీద, చేతులు తేలిగ్గా. ఒక చెయ్యి తీసి ఊపగలిగితే బరువు సరైన చోట ఉన్నట్టు లెక్క.

బ్రేక్ పాఠం గడ్డి మీద జరిగింది. నేల మీద రెండు కోన్‌లు పెట్టి, వాటి మధ్య ఆగమన్నారు. మొదట వెనక బ్రేక్ ఒక్కటే: చక్రం జారుతుంది, బండి ఆగదు. తర్వాత ముందుది కలిపి, ఒక్కో వేలితో, మెల్లగా బిగిస్తూ, శరీరాన్ని కిందికి, వెనక్కి దించుతూ: సగం దూరంలోనే ఆగింది. ఆగేటప్పుడు బరువు ముందుకు వస్తుంది కాబట్టి ముందు చక్రానికే పట్టు ఎక్కువ. "ముందు బ్రేక్ పట్టావంటే బోర్లాపడతావు" అని చిన్నప్పుడు వీధిలో అందరూ చెప్పేవాళ్లు. పట్టే తీరు తెలిస్తే మనిషిని కాపాడేది అదే.

తర్వాత బూట్‌క్యాంప్ అనే ఆకుపచ్చ దారి. అక్కడ దారులకు గుర్తులుంటాయి: ఆకుపచ్చ గుండ్రం తేలిక, నీలం చదరం మధ్యస్థం, నల్ల వజ్రం కష్టం. బూట్‌క్యాంప్ అడవి అంచున చుట్టు తిరిగి వస్తుంది. ఒక మలుపు దగ్గర మమ్మల్ని ఆపి, మలుపుకు ముందే బ్రేక్ పట్టి, లోపల వదిలేయాలని చెప్పారు. సైకిల్‌ను వంచాలి, మనం దానితో పాటు వాలిపోకూడదు. చూపు చక్రం ముందు రాయి మీద కాదు, మలుపు దాటాక దారి కనబడే చోట. రాయిని చూస్తే రాయి మీదికే పోతాం, చెట్టును చూస్తే చెట్టు మీదికే. తడిసిన వేర్లు ఎదురైతే వాటికి అడ్డంగా, లంబకోణంలో దాటాలి, వాటి మీద ఉన్నప్పుడు బ్రేక్ ముట్టుకోకూడదు.

ఒక చోట దుంగ మీదుగా చిన్న దిగుడు ఉంది. నేను ఆగిపోయాను. ఎవరూ "వచ్చేయ్" అనలేదు. నర్సు సైకిల్ పక్కన పెట్టి, నాతో ఆ దిగుడంతా నడిచి చూపించింది. చక్రం ఎక్కడ దిగుతుంది, అప్పుడు నా తుంటి ఎక్కడ ఉండాలి, ఆ తర్వాత ఎన్ని గజాల ఖాళీ ఉంది, అంతా. పక్క నుంచి వెళ్లే తేలిక దారి కూడా చూపించి, ఏది కావాలంటే అది వెళ్లమంది. చివర తొక్కే పెద్దావిడ నా వెనక నిలబడి, తొందరేం లేదంది. నేను దిగాను. మళ్లీ ఎక్కి మళ్లీ దిగాను. కిందికి చేరాక నాకు మాట రాలేదు, ఒళ్లంతా సంతోషం. కాలేజీ అమ్మాయి ఒకతి మాత్రం పక్క దారినే వెళ్లింది. ఆమెనూ అంతే ఆప్యాయంగా మెచ్చుకున్నారు, మలుపులో ఆమె చూపు ఎంత బాగుందో చెప్పి.

ఆడవాళ్లకు విడిగా ఎందుకు అని మా మరిది తర్వాత అడిగాడు. అందరితో కలిసే నేర్చుకోవచ్చు కదా అని. నాకు తోచింది ఇది: మగవాళ్లు ఉంటే నేర్చుకోలేమని కాదు. కలిసిన గుంపులో ప్రశ్న అడగాలంటే అందరినీ ఆపాలి, ఆపితే వెనకబడ్డట్టు అనిపిస్తుంది, అందుకని అడగం. అక్కడ అడగడమే క్లాసు. నెలసరి రోజుల్లో ఎలా తొక్కాలి, కాన్పు తర్వాత ఎప్పుడు మొదలుపెట్టాలి, సీటు ఒరుసుకుంటే ఏం చేయాలి, ఇవన్నీ ఏ మొహమాటం లేకుండా మాట్లాడుకున్నాం. ఆ ప్రాంతపు అమ్మాయే జిల్ కింట్నర్ 2005 నుంచి వరుసగా మూడేళ్లు ఫోర్-క్రాస్‌లో, అంటే నలుగురు ఒకేసారి కొండ దిగే సైకిల్ పందెంలో, ప్రపంచ విజేత, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బీఎంఎక్స్ అనే చిన్న సైకిళ్ల పందెంలో కాంస్యం గెలిచింది. ఆమె గురించి మా చెల్లి కూతురికి కోచ్ చెబుతుంటే ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని విన్నది.

తర్వాతి వారం అదే గుంపుతో ఇసక్వా పక్కనున్న టైగర్ మౌంటెన్ అనే కొండ మీద దారి బాగుచేసే పనికి వెళ్లాను. అక్కడ పారలు వేరు. పులాస్కీ అనేదానికి ఒకపక్క గొడ్డలి, మరోపక్క మట్టి తవ్వే అడ్డ అంచు. అడవి మంటలు ఆర్పే పనిలో పేరొచ్చిన పనిముట్టు అది. మెక్లౌడ్ అనేదానికి ఒకపక్క పళ్లు, ఇంకోపక్క చదును రేకు. ఆ నేల మీద శత్రువు నీళ్లే. ఏడాదిలో ఎక్కువ నెలలు వాన. నీళ్లు దారి వెంట పారితే గాడి పడుతుంది, గాడి పడితే సైకిళ్లు పక్కకు పోతాయి, దారి వెడల్పై అడవిని తింటుంది. అందుకని దారిని లోయ వైపు కొంచెం వాల్చాలి, మధ్యమధ్యలో చిన్న ఎత్తుపల్లం పెట్టి నీళ్లు పక్కకు దిగిపోయేలా చేయాలి. పైన కుళ్లిన ఆకుల పొరంతా తీసి, గట్టి మన్ను తేలేదాకా తవ్వాలి. పొద్దంతా పదిమందిమి పనిచేస్తే ఒక మలుపు తయారైంది. ఆ ఊరి సైకిల్ సంస్కృతిలో నాకు బాగా నచ్చింది ఇదే. తొక్కేవాళ్లే తవ్వుతారు, తవ్వినవాళ్ల మాటకు కౌంటీలో విలువ ఉంటుంది.

మన అనంతగిరి నేల వేరు, వాన వేరు. అది అటవీశాఖ కింద ఉన్న కొండ, ఎవరికి తోచినట్టు వాళ్లు తవ్వకూడదు. కానీ నేర్పడానికి కొండ అక్కర్లేదని డూథీ హిల్‌లో అర్థమైంది. సగం పాఠం చదునైన గడ్డి మీదే జరిగింది. తిరిగొచ్చాక గచ్చిబౌలి వైపు ఒక ఖాళీ గ్రౌండ్‌లో, ఆదివారం పొద్దున్నే, మా గ్రూపులో కొత్తగా చేరిన ఆడవాళ్లతో ఇదే మొదలుపెట్టాం. మొదట లీవర్లు సరిచేయడం, తర్వాత నిలబడే తీరు, తర్వాత రెండు ఇటుకల మధ్య ఆగడం. సుద్దతో మలుపులు గీస్తాం. దిగుళ్ల జోలికి ఇంకా వెళ్లలేదు, చలికాలంలో అనంతగిరి వెళ్లాలని అనుకుంటున్నాం.

సియాటెల్ వైపు వెళ్లేవాళ్లకు రెండు మాటలు. డూథీ హిల్‌కి పాస్ అక్కర్లేదు, టైగర్ మౌంటెన్‌కి కారుకు డిస్కవర్ పాస్ అనే రాష్ట్ర ప్రభుత్వపు పార్కింగ్ పాస్ కావాలి. అక్టోబరు తర్వాత వాన కోటు లేకుండా వెళ్లకండి. ఇక్కడ మా ఆదివారం క్లాసుకు రావాలనుకునే అక్కాచెల్లెళ్లు హెల్మెట్, చదునైన అడుగున్న బూట్లు తెచ్చుకోండి. గేర్లు లేని సైకిలైనా పర్లేదు, రెండు బ్రేకులూ పనిచేస్తే చాలు.