వడ్డీ లేని 30 ఎకరాలు

అమెరికా ఈశాన్య మూలన, కెనడాను ఆనుకుని ఉండే మెయిన్ రాష్ట్రంలో లూయిస్టన్ అనే ఊళ్లో ఉంటున్నాను. జనాభా 37 వేలు. కాంట్రాక్టు ఉద్యోగం ఇక్కడికి తీసుకొచ్చింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో లాగా ఇక్కడ వీధికో తెలుగు కుటుంబం ఉండదు. తోటకూర, కారంగా ఉండే పచ్చిమిర్చి నాకు సోమాలీ రైతుల దగ్గరే దొరికాయి. కూరల కోసం వెళ్తూ వెళ్తూ, వీళ్లు వ్యాపారం ఎలా నడుపుతున్నారో తెలుసుకోవడం మీద ఆసక్తి పెరిగింది.

ఇది ఒకప్పటి బట్టల మిల్లుల ఊరు. కెనడాలోని క్యూబెక్ నుంచి వచ్చిన ఫ్రెంచి కార్మికులు ఆ మిల్లుల్లో పనిచేశారు. మిల్లులు మూతపడ్డాక ఊరికి పెద్ద బజారు లాంటి లిస్బన్ స్ట్రీట్‌లో షాపులు ఖాళీ అయ్యాయి. 2001 నుంచి సోమాలీ శరణార్థులు రావడం మొదలైంది. ఇక చాలు, రాక తగ్గించండి అంటూ 2002లో అప్పటి మేయర్ బహిరంగ లేఖ రాశాడు. 2003 జనవరిలో శరణార్థులకు మద్దతుగా నాలుగు వేల మంది దాకా చలిలో కూడి వచ్చారు. ఈ రోజు అదే వీధిలో హలాల్ మాంసం, బట్టలు, ఊరికి డబ్బు పంపే కౌంటర్లు వరసగా కనిపిస్తాయి.

వీళ్లలో సోమాలీ బంటూల కథ వేరు. 19వ శతాబ్దంలో ఇప్పటి టాంజానియా, మొజాంబిక్, మలావీ ప్రాంతాల నుంచి బానిసలుగా సోమాలియాకు తెచ్చిన వాళ్ల సంతతి. జుబ్బా నది ఒడ్డున వ్యవసాయం చేసుకుంటూ బతికారు. సొంత దేశంలోనే చిన్నచూపు, బడికి దూరం. 1991లో అంతర్యుద్ధం మొదలయ్యాక కెన్యా శిబిరాల్లో ఏళ్ల తరబడి ఉన్నారు. 2003 తర్వాత వేల మందిని అమెరికా తీసుకుంది. చేతికొచ్చిన పని వ్యవసాయం ఒక్కటే. ఇక్కడ భూమి కొనాలంటే బ్యాంకు లోన్ కావాలి, లోన్‌కు క్రెడిట్ హిస్టరీ కావాలి. పైగా ముస్లింలు కనుక వడ్డీ ఇవ్వడం, తీసుకోవడం మతం ఒప్పుకోదు. మనలో ఎంతమందిమి ఇన్ని తలుపులు మూసి ఉంటే పొలం మాట ఎత్తుతాం?

వాళ్లు ఎత్తారు. 2016 ప్రాంతంలో నలుగురు సోమాలీ బంటూ రైతులు కలిసి న్యూ రూట్స్ కోఆపరేటివ్ ఫామ్ పెట్టారు. ఊరి అంచున పాత పాడి పొలం, 30 ఎకరాలు. దాన్ని మెయిన్ ఫామ్‌ల్యాండ్ ట్రస్ట్ అనే సంస్థ తీసుకుని, ముందు కౌలుకిచ్చి తర్వాత కొనుక్కునే ఏర్పాటు చేసింది. అంతకుముందే కల్టివేటింగ్ కమ్యూనిటీ అనే సంస్థ దగ్గర ఈ చలి నేలలో సాగు ఎలాగో నేర్చుకున్నారు. కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు బైలాస్ అంటే సంఘం నియమాలు రాయడంలో, లెక్కల్లో సాయపడ్డారు. పనిముట్లు, అమ్మకాలు ఉమ్మడి. నిర్ణయాల్లో మనిషికో ఓటు.

ఈ మనిషికో ఓటు అన్న మాట నాకు ఇంటి మాటే. మా నాన్న తెలంగాణలోని ముల్కనూరు రైతుల సహకార సొసైటీ సభ్యుడు. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన ఆ సంఘం అప్పులిచ్చింది, ఎరువులమ్మింది, వడ్లు కొన్నది. ఎకరం ఉన్నవాడికీ పదెకరాలు ఉన్నవాడికీ ఒకటే ఓటు. అందుకే ఇక్కడి వాళ్ల పద్ధతి వింతగా అనిపించలేదు, గౌరవం కలిగింది. మా రైతులకు కనీసం భాష వచ్చు, ఊరు తెలుసు.

చేతిలో డబ్బు సంగతి చెప్పాలి. సోమాలీ ఆడవాళ్లు నడిపే అయూటో అనే పద్ధతి ఉంది. పదిమంది నెలనెలా ఇంత అని వేస్తారు, మొత్తం ఒక్కొక్కరికి వంతుగా వెళ్తుంది. మన చిట్టీయే, కానీ పాట లేదు, తగ్గింపు లేదు. అవసరం ఎక్కువున్న ఆమెకు ముందు ఇవ్వడం మామూలే. కాగితం లేకుండా నమ్మకం మీద నడుస్తుంది. చిన్న షాపులకు పెట్టుబడి చాలావరకు ఇలాగే పుడుతుందని మా పక్కింటి సోమాలీ ఆవిడ చెప్పింది.

ఇదే ఊళ్లో ఇసుకెన్ అనే మరో కోఆపరేటివ్ ఉంది. ఫుడ్ ట్రక్కు. సమోసాల్లాంటి సాంబూసాలు, అన్నం, మాంసం. పని చేసేవాళ్లే యజమానులు. కూరగాయలు సోమాలీ బంటూ రైతుల దగ్గర కొంటారు. అక్కడ ఖర్చయిన డాలరు ఇంకో ఇంటికి వెళ్తుంది, బయటికి పోదు. అలాగని అంతా సాఫీగా ఉంటుందనుకోవద్దు. మంచు కరిగి నేల సిద్ధమయ్యేసరికి మే వస్తుంది, సెప్టెంబరు చివరికి మళ్లీ మంచు కాటు. చలికాలంలో ట్రక్కు ముందు ఎవరు నిలబడతారు? లైసెన్సులు, ఇన్సూరెన్స్, పన్ను కాగితాలు అన్నీ ఇంగ్లీషులో. మీటింగులో ఒక మాట వాళ్లు మాట్లాడే మాయ్ భాషలోకి వెళ్లి తిరిగి రావాలి. చాలామందికి పగలు ఇంకో ఉద్యోగం తప్పదు.

ఇదంతా చూస్తుంటే మనవాళ్లే గుర్తొస్తారు. అమెరికాలో తెలుగు సంఘాలకు కొదవలేదు. ఎవరైనా కుర్రాడు చనిపోతే శవాన్ని ఇంటికి పంపడానికి రాత్రికి రాత్రే లక్షలు పోగవుతాయి, ఆ మంచితనానికి దండం పెడతాను. అదే కుర్రాడు ప్రాజెక్టు పోయి, అద్దె కట్టలేక, గదిలో ముడుచుకుని ఉన్నప్పుడు వడ్డీ లేకుండా మూడు నెలలు నిలబెట్టే ఉమ్మడి నిధి ఎన్ని ఊళ్లలో ఉంది? డబ్బు మన దగ్గరే ఎక్కువ. అయూటో వాళ్ల దగ్గరుంది.

న్యూ రూట్స్ లాంటి పొలాలకు వడ్డీ లేని పెట్టుబడి ఇంకో దారిలో కూడా వస్తుంది. సీజన్ మొదలవక ముందే జనం వాటా డబ్బు కట్టేస్తారు, పంట వచ్చాక వారం వారం కూరగాయల పెట్టె అందుతుంది. విత్తనాలకు, డీజిల్‌కు ఆ డబ్బే ఆధారం. ఈసారి మా ఆఫీసులోని భారతీయ కుటుంబాలన్నింటినీ పోగుచేసి మార్చిలోనే వాటాలు కట్టించాను. ఉద్యోగం పోయినవాళ్ల కోసం చిన్న నిధి పెడదామన్న మాట కూడా అక్కడే ఎత్తాను. మొదటి నెల ఐదుగురు వేశారు.