సున్నంతో గీసిన పాదాలు

మన కాలేజీ బాస్కెట్‌బాల్ టీములో నేను మూడేళ్ళు ఫార్వర్డ్‌గా ఆడాను. సిమెంటు నేల, చెక్క బోర్డు, వల లేని రింగు. నా తరం వాళ్ళందరికీ ఆ కోర్టు గుర్తుండే ఉంటుంది. పీడీ సారు రోజూ ఒకటే మాట అనేవారు: "ముందు కాళ్ళురా, తర్వాతే చేతులు." ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది ఇక్కడ కాదు, అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని విన్‌స్టన్-సేలంలో.

1993లో కెమిస్ట్రీ పీహెచ్‌డీకి వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో చేరాను. అదే ఏడాది డిగ్రీ మొదటి సంవత్సరంలో టిమ్ డంకన్ చేరాడు. కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రాయ్ దీవి నుంచి వచ్చిన, పదిహేడేళ్ళ సన్నటి పొడుగాటి కుర్రాడు.

నిజానికి అతను ఈతగాడు. వాళ్ళక్క ట్రిషా 1988 ఒలింపిక్స్‌లో ఈత పోటీల్లో పాల్గొంది. తమ్ముడూ అదే దారిలో వెళ్ళేవాడే. 1989 సెప్టెంబరులో హ్యూగో తుపాను వచ్చి ఆ దీవిలోని పెద్ద ఈతకొలనును పాడుచేసింది. సముద్రంలో ప్రాక్టీసు చేద్దామంటే సొరచేపలంటే భయం. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, అతని పద్నాలుగో పుట్టినరోజుకు సరిగ్గా ముందురోజు, తల్లి క్యాన్సర్‌తో పోయింది. అతను బాస్కెట్‌బాల్ మొదలుపెట్టింది తొమ్మిదో తరగతిలోనే. దివిసీమ ఉప్పెన గురించి ఇంట్లో వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఆ దీవి కథ నాకు పరాయి కథ అనిపించలేదు.

అంటే కాలేజీకి వచ్చేనాటికి ఆటలో అతని వయసు నాలుగేళ్ళు. మొదటి మ్యాచ్‌లో ఒక్క పాయింటు కూడా రాలేదు. బరువైన ఆటగాళ్ళు రింగు కింద భుజంతో నెడితే పక్కకు జరిగిపోయేవాడు. అయినా ఆ ఏడాది ముగిసేసరికి మ్యాచ్‌కు సగటున 9.8 పాయింట్లు, 9.6 రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని అందుకోవడం). కోచ్ డేవ్ ఓడమ్ ఏం నేర్పితే అది నేర్చుకుని, మళ్ళీ మళ్ళీ చేసేవాడు.

రెండో ఏడాది అతని చేతికి బోర్డు షాట్ వచ్చింది. రింగుకు పక్కగా, కొంచెం ఏటవాలుగా నిలబడి, బోర్డు మీది దీర్ఘచతురస్రం పైమూలకు బంతిని మెత్తగా తాకించేవాడు. ఎగిరిపడి బంతిని పైనుంచి రింగులోకి కుక్కి డంక్ చేస్తే జనం కేకలు వేస్తారు; ఈ షాట్‌కు అంత కేకలుండవు. నాకు మాత్రం ఒళ్ళు పులకరించేది. మన చెక్క బోర్డు మీద సారు సుద్దతో గీసిన డబ్బా అదే కదా!

1995 మార్చిలో గ్రీన్స్‌బరోలో ఏసీసీ (మా యూనివర్సిటీ ఆడే ప్రాంతీయ లీగ్) ఫైనల్. ఎదుట నార్త్ కరోలినా యూనివర్సిటీ టీము. మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్ళింది. ల్యాబ్ స్నేహితులంతా టీవీ చుట్టూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాం, ఆ టెన్షన్ ఇప్పటికీ మరిచిపోలేను. మా గార్డు రాండాల్ఫ్ చిల్‌డ్రెస్ 37 పాయింట్లు కొట్టాడు. 82-80తో వేక్ ఫారెస్ట్ గెలిచింది. 1962 తర్వాత మళ్ళీ ఆ ట్రోఫీ అప్పుడే. ఆ రాత్రి క్యాంపస్ చెట్లన్నిటికీ టాయిలెట్ పేపరు తోరణాలు. గెలుపు పండగను అక్కడ అలాగే చేసుకుంటారు.

ఆ సంబరమంతా సారుకు ఉత్తరం రాశాను. నెల తర్వాత జవాబు వచ్చింది. స్కోరు గురించి ఒక్క మాట లేదు. "బంతి అందేసరికి ఆ అబ్బాయి పాదాలు ఎక్కడ ఉంటున్నాయో చూసి రాయి" అని మాత్రం రాశారు.

అప్పటినుంచి మా టీము ఆడే జోయెల్ కొలీజియంలో పై వరసలో కూర్చుని బంతిని వదిలేసి అతని పాదాలనే చూశాను. రింగుకు వీపు పెట్టి ఎడమవైపు నిలబడతాడు. పాస్ వచ్చే క్షణంలో చిన్నగా ఎగిరి రెండు కాళ్ళూ ఒకేసారి నేలకు ఆనిస్తాడు. అందువల్ల ఏ కాలినైనా ఇరుసుగా వాడుకోవచ్చు. ఎటు తిరుగుతాడో కాచేవాడికి అంతుపట్టదు. అన్నీ బొమ్మలు గీసి పంపించాను.

రెండో ఏడాది అయ్యేసరికే, ఇప్పుడే వస్తే డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకోవడం) మొదటివాడు కావచ్చని లేకర్స్ జట్టు మేనేజరు జెర్రీ వెస్ట్ లాంటివాడు అన్నాడు. కోట్ల డాలర్లు. అతను వెళ్ళలేదు. డిగ్రీ పూర్తి చేస్తానని అమ్మకు మాట ఇచ్చాడు. ఆ నిర్ణయం అతని ఆటకూ మేలే చేసిందని నేను గట్టిగా నమ్ముతాను. మూడో ఏట సగటు 19.1 పాయింట్లు, నాలుగో ఏట 20.8. చివరి ఏడాది మ్యాచ్‌కు 14.7 రీబౌండ్లతో దేశం మొత్తానికీ మొదటివాడు. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే నేస్మిత్, వుడెన్ అవార్డులు రెండూ వచ్చాయి. నాలుగేళ్ళలో 1,570 రీబౌండ్లు, 481 బ్లాకులు (ఎదుటివాళ్ళ షాట్‌ను గాల్లోనే అడ్డుకోవడం).

జాతీయ టోర్నీలో మాత్రం చివరి నాలుగు జట్ల దశ, ఫైనల్ ఫోర్, అందలేదు. ఓక్లహామా స్టేట్, కెంటకీ, స్టాన్‌ఫర్డ్, ఒక్కో ఏడాది ఒక్కొక్కరి చేతిలో ఓటమి. ముఖంలో ఏ భావమూ కనిపించదని ఎదుటి టీముల అభిమానులు ఎగతాళి చేసేవారు. నాకది చాలా బాధగా ఉండేది. సైకాలజీ చదివి, ఒక పుస్తకంలో అహంకారం మీద ప్రొఫెసర్‌తో కలిసి అధ్యాయం రాసిన కుర్రాడతను. గొప్పలు పోవడం అతనికి చేతకాదు, అంతే.

1997లో డిగ్రీ చేతికొచ్చింది. ఆ జూన్‌లోనే ఎన్‌బీఏ జట్టు శాన్ ఆంటోనియో స్పర్స్ అతన్ని డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికగా తీసుకుంది. కాలేజీలో ఎక్కువగా రింగుకు దగ్గరగా ఆడే సెంటర్‌గా ఆడినవాడు, అక్కడ డేవిడ్ రాబిన్సన్ సెంటర్ కావడంతో పవర్ ఫార్వర్డ్‌గా స్థిరపడ్డాడు.

ఆ డిసెంబరులో సెలవుకి వచ్చి, సాయంత్రం మన కోర్టుకి వెళ్ళాను. రింగుకు ఎడమవైపు సిమెంటు మీద సున్నంతో రెండు జతల పాదాలు గీసి ఉన్నాయి. నేను పంపిన బొమ్మలే. జూనియర్లు వరసగా వచ్చి, పాస్ అందుకుంటూ రెండు కాళ్ళూ ఒకేసారి వాటిమీద ఆనించి తిరుగుతున్నారు. సారు ఈల నోట్లోంచి తీసి, "నువ్వూ వరసలో నిలబడు" అన్నారు. చెప్పులు విప్పి నిలబడ్డాను.