నాలుగో మూల కలవలేదు

అమ్మమ్మ ఫోటోకి ఫ్రేము నేనే చేస్తానని ఇంట్లో గొప్పలు పోయాను. సన్నటి టేకు బద్దలు తెచ్చాను. కర్రని కావలసిన కోణంలో కోసే మిషను, 10 అంగుళాల బ్లేడున్న మైటర్ సా కూడా కొన్నాను. పెట్టె విప్పిన సాయంత్రమే కోణం చూపే ముల్లును 45 డిగ్రీల మీద పెట్టి చకచకా ఎనిమిది కోతలు కోసేశాను. మూడు మూలలు చక్కగా కలిశాయి. నాలుగోదాంట్లో మాత్రం అగ్గిపుల్ల దూరేంత సందు.

ముక్కలు పట్టుకెళ్లి మా వీధి చివర ఉండే ఆచారి గారికి చూపించాను. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "కర్ర తప్పేం లేదమ్మా, మిషనే గునియాలో లేదు" అన్నారు. గునియా అంటే వడ్రంగులు లంబకోణం సరిచూసుకునే L ఆకారపు పనిముట్టు. అంటే మిషను కోణమే సరిగ్గా లేదన్నమాట. అర డిగ్రీ తేడా ఒక్క కోతలో కంటికి ఆనదు. కానీ ఫ్రేముకి ఎనిమిది కోతలు. అన్నీ ఒకే వైపు తప్పితే మొత్తం నాలుగు డిగ్రీలు, అవన్నీ వచ్చి చివరి మూలలో కూర్చుంటాయి. కంపెనీ వాళ్లు గీసిన గీత కదా అని నేను నమ్మేశాను!

మర్నాడు ఆదివారం. ముందు ప్లగ్గు పీకి, ఆ చివర నా కళ్లకి కనిపించేలా బల్ల మీదే పెట్టుకున్నాను. మిషనుతో వచ్చిన 24 పళ్ల బ్లేడు మోటు కోతలకి సరిపోతుంది, ఫ్రేము అంచుల్ని మాత్రం పీచులు లేపేస్తుంది. 60 పళ్లది తెచ్చుకున్నాను. మధ్య రంధ్రం కొలత, బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం మన మిషనుకి సరిపోతాయో లేదో చూసుకుని కొనాలి. పాత బ్లేడు విప్పడానికే అరగంట పట్టింది. బోల్టుని ఎంత తిప్పినా రాదే! చివరికి తెలిసిందేమిటంటే అది సైకిల్ ఎడమ పెడల్ లాంటిది, మరలు తిరగేసి ఉంటాయి. వదులు చేయాలంటే కుడివైపుకి తిప్పాలి. కొత్తది బిగించేటప్పుడు బ్లేడు మీది బాణం, కవరు మీది బాణం ఒకే వైపు చూస్తున్నాయా అని రెండుసార్లు చూశాను.

తర్వాత గునియా పని. కర్రని ఆనించే వెనక గోడని ఫెన్స్ అంటారు. గునియా ఒక అంచుని ఫెన్స్‌కి, రెండో అంచుని బ్లేడు రేకుకి ఆనించాలి. పళ్లకి ఆనిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే పళ్లు రేకు కంటే కాస్త బయటికి ఉంటాయి. గునియాకీ రేకుకీ మధ్య వెలుతురు సన్నగా కనిపించింది. ఫెన్స్ బోల్టులు వదులు చేసి, చెక్క సుత్తితో చిన్నగా తట్టి మళ్లీ బిగించాను. సరిపోయిందో లేదో తెలియడానికి ఆచారి గారు చెప్పిన కిటుకు నాకు భలే నచ్చింది. వెడల్పాటి చెక్కని సున్నా మీద అడ్డంగా కోసి, ఒక ముక్కని బోర్లించి, రెండిటినీ తిన్నటి అంచుకి ఆనించి కోత పక్కన కోత పెట్టడమే. తప్పు ఎంతుంటే సందు దానికి రెట్టింపు కనిపిస్తుంది. నాకు నాలుగు చెక్కలు ఖర్చయ్యాకే సందు పోయింది. ఆ తర్వాత 45ని కూడా అలాగే నమ్మకుండా, రెండు పనికిరాని ముక్కలు కోసి, కలిపి, మూలలో గునియా పెట్టి చూశాను.

ఇంట్లో వాడే మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఈ మిషను తగిలించొద్దు. మొదటి రోజు నా బోర్డు వైరు వేడెక్కింది. ఇప్పుడు 16 యాంపుల సాకెట్‌కే పెడుతున్నాను.

ఇక నేను హడలిపోయిన సంగతి. మిగిలిన రెండంగుళాల ముక్కని క్లాంపుతో బిగించకుండా వేలితో నొక్కిపట్టి కోశాను. కోత అయిపోయింది కదా అని, బ్లేడు ఇంకా తిరుగుతుండగానే పైకి లేపాను. టపీమని శబ్దం! ముక్క నా భుజం పక్క నుంచి వెళ్లి షెడ్డు రేకుకి తగిలింది. వేలికి ఏమీ కాలేదు గానీ చాలాసేపు చెయ్యి వణికింది. అప్పట్నుంచి నా పద్ధతి మారింది. చెయ్యి బ్లేడుకి ఆరంగుళాల లోపుకి వెళ్లదు. చిన్న ముక్క కావాలంటే పొడుగు కర్ర చివర నుంచే కోస్తాను. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే నెమ్మదిగా దించుతాను. కోత అయ్యాక స్విచ్ వదిలేసి, బ్లేడు కిందే పూర్తిగా ఆగాక లేపుతాను. వంగిన కర్రయితే ఉబ్బు వైపుని ఫెన్స్‌కి ఆనించాలి, లేకపోతే కోత మూసుకుపోయి బ్లేడుని పట్టేస్తుంది. చున్నీ తీసేస్తాను, గాజులు తీసేస్తాను, జడ ముడేసుకుంటాను. గ్లౌజులు కూడా వేసుకోను, బ్లేడు గుడ్డని అందుకుందంటే చేతిని కూడా లాక్కుపోతుంది. కళ్లద్దాలు, మాస్కు మాత్రం తప్పనిసరి. టేకు పొట్టు ముక్కులోకి పోతే ఆ రాత్రంతా తుమ్ములే.

రెండోసారి ఎదురెదురు బద్దలు సమానంగా రావడానికి ఫెన్స్‌కి ఒక అడ్డుముక్క బిగించి కోశాను. తెగి పడే ముక్క అటువైపు స్వేచ్ఛగా ఉండాలి, అడ్డుముక్కకీ బ్లేడుకీ మధ్య ఇరుక్కోకూడదు. ఆచారి గారు వచ్చి మూలల మీద గోరుతో గీశారు. మూడింట్లో గోరు ఆగలేదు. నాలుగోదాంట్లో కొంచెం తగిలింది. ఆయన ఏమీ అనకుండా నేల మీది పొట్టు తీసి, ఫెవికాల్‌లో కలిపి, వేలితో ఆ సందులో అదిమారు.

ఆ గీత ఇప్పటికీ ఉంది. అది పై మూల కావడంతో అమ్మమ్మ ఫోటోకి వేసిన దండ కింద ఉండిపోయింది.