పర్లాకిమిడిలో వేదవ్యాపక ఆదివారం

నౌపడ జంక్షన్‌లో గుణుపూర్ వైపు వెళ్ళే రైలెక్కి, టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి చేరేవారికి రాష్ట్రం మారిందన్న సంగతి స్టేషను బోర్డు మీది ఒడియా అక్షరాల వల్ల తెలియవలసిందే గాని, కిటికీలోంచి కనిపించే పొలాల వల్ల గాని, పక్కన కూర్చున్న మనుషుల మాట వల్ల గాని తెలియదు. 1900లో పర్లాకిమిడి రాజావారి చొరవతో చిన్న పట్టాల మీద మొదలైన ఈ రైలు శతాబ్దం దాటిన తరువాత పెద్ద పట్టాల మీదికి మారింది. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఉపాధ్యాయులుగా పనిచేసిన ఊరు కూడా ఇదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పట్టణం అటు వెళ్ళిపోయినా, బజారులో ఈనాటికీ బేరం చాలావరకు తెలుగులోనే నడుస్తుంది.

మా పిన్ని, బాబాయి ఈ ఊళ్ళోనే స్థిరపడ్డారు. బాబాయి ఇక్కడొక ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. 2025 అక్టోబరు 19వ తేదీ ఆదివారానికి తప్పక రమ్మని ఆయన నెల ముందు నుంచీ ఫోనులో చెబుతూ వచ్చారు. అది ప్రపంచ వేదవ్యాపక ఆదివారం, అంటే క్రైస్తవ వేదాన్ని వ్యాపింపజేసే పని కోసం ప్రార్థించి కానుక ఇచ్చే రోజు. 1926లో పదకొండవ పయస్ పోపుగారు నెలకొల్పిన ఈ దినాన్ని ఏటా అక్టోబరు చివరి ఆదివారానికి ముందు వచ్చే ఆదివారం నాడు కతోలిక దేవాలయాలన్నింటిలోనూ పాటిస్తారు. ఆనాటి కానుక విచారణలో, అంటే స్థానిక చర్చి సంఘంలో, మిగలదు. అది రోముకు చేరి, అక్కడి నుంచి ప్రపంచంలోని బీద మేత్రాసనాలకు, అంటే ఒక్కొక్క బిషప్పు ఏలుబడిలోని ప్రాంతాలకు, అందుతుంది. ఆ కానుకల మీద ఆధారపడి పెరిగిన ప్రాంతమే ఆ రోజున తన వంతు ఎలా ఇస్తుందో చూడాలన్న కోరిక నాకూ ఉంది.

శ్రీకాకుళం మేత్రాసనానికి, బరంపురం మేత్రాసనానికి నడుమ ఇప్పుడున్న హద్దు ఒకప్పుడు లేదు. 1846 ప్రాంతంలో ఇప్పటి ఫ్రాన్సులోని ఆనెసీ నుంచి విశాఖపట్నం వచ్చిన పునీత ఫ్రాన్సిస్ ద సాలెస్ సభ గురువుల (ఫాదర్ల) చేతిలోనే కటకం దాకా ఉన్న ప్రాంతమంతా ఉండేది. 1922లో స్పెయిన్ నుంచి విన్సెంటు సభ గురువులు రావడం, 1928లో కటకం మిషను విశాఖ నుంచి విడిపోవడం, 1974లో బరంపురం మేత్రాసనం ఏర్పడటం ఆ తరువాతి సంగతులు. చర్చి గీసుకున్న గీత రాష్ట్రపు గీత కంటే ఎనిమిదేళ్ళు ముందుదన్నమాట. అందుకే ఇక్కడి పాత కుటుంబాలలో విశాఖ ప్రస్తావన ఇప్పటికీ పుట్టింటి ప్రస్తావనలా వస్తుంది.

శనివారం సాయంత్రం దేవాలయానికి వెళ్ళేసరికి ముగ్గురు ఆడవాళ్ళు చాపలు దులుపుతున్నారు. హార్మోనియం దగ్గర కూర్చున్న కాలేజీ కుర్రాడు మరునాటి పాటలను ఒక నోటుపుస్తకంలోంచి పాడించి చూసుకుంటున్నాడు. ఆ పుస్తకంలో ఒడియా పాటలు ఒడియా లిపిలో ఉన్నాయి. తెలుగు పాటలు కూడా ఒడియా లిపిలోనే ఉన్నాయి. తెలుగు మాట్లాడే ఇళ్ళలోనూ పిల్లలు చదివేది ఒడియా బడిలోనో ఇంగ్లీషు బడిలోనో కాబట్టి, అమ్మభాష పాటను వాళ్ళు ఆ అక్షరాలలోనే చదువుకుంటారు. మా విశాఖ విచారణలో శనివారం సాయంత్రపు పూజకు వచ్చి ఆదివారపు బాధ్యత తీర్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు. చర్చి శాసనం దానిని అనుమతిస్తుంది, నేనూ ఆ సదుపాయాన్ని వాడుకున్నవాణ్ణే. ఇక్కడ ఆ ఊసే లేదు. ఆదివారం అంటే ఆదివారమే, అది పొద్దు పొడవకముందే మొదలవుతుంది.

ఉదయం ఏడున్నర గంటల పూజకు ఆరున్నర నుంచే మనుషులు చేరారు. కొండ ఊళ్ళ నుంచి కొందరు ట్రెక్కర్ జీపుల మీద వచ్చి, ఆవరణలోని బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుని, చెప్పులు మెట్ల కింద వదిలి లోపలికి వచ్చారు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు తలమీద కొంగు కప్పుకుని ఎడమవైపు చాపల మీద కూర్చున్నారు. నడవలేని ముసలివాళ్ళకు గోడవారగా రెండు బల్లలు వేశారు. నేల మీద కూర్చోవడం, చెప్పులు విడవడం, చేతులు జోడించి నమస్కరించడం, హారతి ఇవ్వడం వంటి పన్నెండు అంశాలను భారతదేశంలోని పూజావిధిలో చేర్చుకోవడానికి రోము 1969లో అనుమతి ఇచ్చింది. నగరాలలో ఆ అనుమతి పెద్ద పండుగలకు మాత్రమే బయటికి వస్తుంది. ఇక్కడ అది ప్రతి వారపు అలవాటు. అర్పణ సమయంలో ఇద్దరు అమ్మాయిలు పళ్ళెంలో పూలు, అగరొత్తులు, కర్పూరం పెట్టుకుని బలిపీఠం ఎదుట హారతి తిప్పినప్పుడు, మద్దెల వాయిస్తున్న పెద్దాయన కళ్ళు మూసుకుని వేగం పెంచాడు. హార్మోనియం కుర్రాడు అతన్ని అందుకోలేక ఒక చరణం వదిలేశాడు.

పూజ నడిచింది ఒడియాలో. రెండవ పఠనం మాత్రం తెలుగులో పిన్ని చదివింది, విశ్వాసుల ప్రార్థనలో ఒక విన్నపాన్ని ఒక సవర యువకుడు తన భాషలో చెప్పాడు. నాకు ఒడియా అంతంత మాత్రమే అయినా ఎక్కడ ఉన్నామో తెలియక తడబడిన క్షణం ఒక్కటీ లేదు. పశ్చాత్తాప ప్రార్థన, మహిమాగీతం, పఠనాలు, సువిశేషం, విశ్వాస సంగ్రహం అనే క్రమం ఎక్కడైనా ఒకటే. ఆ ఆదివారానికి ఏర్పరచిన పఠనాలూ మూడేళ్ళ చక్రంలో లోకమంతటికీ ఒకటే. ఆ రోజు వంతుకు నూట ఇరవై ఒకటవ కీర్తన వచ్చింది. కొండల వైపు కన్నులెత్తి, నాకు సాయం ఎక్కడి నుంచి వస్తుందని అడిగే కీర్తన అది. తలుపులోంచి నిజంగానే కొండలు కనిపించే చోట దానిని వినడం వేరు. కృతజ్ఞతార్చనలో జగద్గురువులైన పోపుగారి పేరు లియో అని గురువు పలికినప్పుడు, పన్నెండేళ్ళ పాటు ఫ్రాన్సిస్ అని విన్న చెవికి అది ఇంకా కొత్తగానే తగిలింది.

ప్రసంగం మాత్రం బాగా పొడుగు సాగింది. ఆనాటి మొదటి పఠనంలో అమాలేకీయులతో యుద్ధం జరుగుతుండగా మోషే కొండ మీద చేతులెత్తి నిలబడతాడు. చేతులు బరువెక్కినప్పుడు అహరోను ఒకవైపు, హూరు ఒకవైపు నిలిచి వాటిని ఎత్తిపట్టుకుంటారు. ఫాదర్ గారు దానిని చక్కగా ఎత్తుకుని, తన చేతులు పట్టుకుంటున్నది గురువు లేనప్పుడు ప్రార్థన నడిపే ఊరూరి ఉపదేశులని చెప్పి, అక్కడితో ఆపితే ఎంతో బాగుండేది. ఆ తరువాత వేదవ్యాప్తి చరిత్ర అంతా చెప్పారు. చంటిపిల్లలతో ఉన్న తల్లులు ఒక్కొక్కరే వరండాలోకి జరిగిపోయారు.

గురువు ప్రతిష్ఠించిన అప్పాన్ని దివ్యసత్ప్రసాదంగా పంచడం, ముగింపు ఆశీర్వాదం అయ్యాక నిజమైన హడావుడి వరండాలో మొదలైంది. వేదవ్యాపక ఆదివారం నాడు ఇంటి పంటలోంచి, ఇంటి కోళ్ళలోంచి ఏదో ఒకటి తెచ్చి దేవుడికి ఇవ్వడం, దానిని వేలం వేసి వచ్చిన డబ్బును కానుకలో కలపడం ఇక్కడి ఆనవాయితీ. గుమ్మడికాయలు, అల్లం, కొత్త సామలు, మొక్కజొన్న పొత్తులు, అరటి గెలలు, ఒక తేనె సీసా, పిన్ని పెట్టిన చింతకాయ పచ్చడి జాడీ, కాళ్ళు కట్టేసిన కోళ్ళు వరుసగా బల్ల మీదికి ఎక్కాయి. వేలం పాడేది విచారణ సంఘంలోని ఒక మాస్టారు. ఆయన పాట ఒడియాలో ఎత్తుకుని, తెలుగులో గద్దించి, సవరలో నవ్వించేవాడు. ఒకరు "రెండొందలు" అంటే వెనక నుంచి ఇంకొకరు "దుయి శొహ పచాస్" (రెండువందల యాభై) అనేవారు.

ఎర్ర పుంజు ఒకటి నాలుగు చేతులు మారింది. దానిని పాడుకున్నవాడు డబ్బు కట్టి, పుంజును మళ్ళీ దేవుడికే ఇచ్చేసేవాడు. మాస్టారు దానిని మళ్ళీ బల్ల మీదికి ఎత్తేవాడు. ప్రతిసారీ అది రెక్కలు కొట్టుకుని కొక్కొరోకో అనడం, పిల్లలు కేకలు వేయడం జరిగేది. చివరికి దానిని ఒక కాంట్రాక్టరు గట్టిగా పట్టుకుని తన బండిలో వేసుకున్నాడు. అయితే నా కళ్ళు అంతకంటే ఒక ముసలావిడ మీదనే నిలిచిపోయాయి. ఆవిడ ఆకుదొప్పలో సోలెడు సామలు తెచ్చింది. కొంగు ముడిలోంచి విప్పి దొప్పలో పోసేటప్పుడు నేల మీద పడిన గింజలను కూడా వేలి కొసతో అద్ది ఏరి, దొప్పలో వేసి, బల్ల మీద పెట్టి వెనక్కి జరిగింది. వాటిని ఎంతకు పాడుకుంటారో వినడానికి ఆవిడ నిలబడలేదు. ఇచ్చేశాక అది తన సంగతి కాదు కాబోలు. బాబాయి ఆ దొప్పను ఐదువందలకు పాడుకున్నారు.

వేలం ముగిశాక ముఢి (మరమరాలు), ఘుగ్ని (బటాణీ కూర), టీ పంచారు. ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. పూజలో ఒకే చాప మీద కూర్చున్నవాళ్ళు టీ గ్లాసులు చేతికొచ్చాక ఎవరి గుంపులోకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఉద్యోగస్థుల తెలుగు, ఒడియా కుటుంబాలు వరండా నీడలోను, కొండ ఊళ్ళ వాళ్ళు చింతచెట్టు కిందను నిలబడ్డారు. మధ్యలో తిరుగుతున్నది టీ పోస్తున్న ఇద్దరు సిస్టర్లు, వేలం మాస్టారు మాత్రమే. ఎవరూ ఎవరినీ రావద్దనలేదు, కాని ఎవరూ ఆ పది అడుగులు దాటలేదు కూడా.

మధ్యాహ్నం ఫాదర్ గారి బొలేరోలో నాకూ చోటు దొరికింది. శాసనం ప్రకారం ఒక గురువు అవసరం ఉన్నచోట ఆదివారం మూడు పూజల వరకు చేయవచ్చు. ఆ రోజు ఆయనకది రెండవది. నెల మొదట్లో కురిసిన భారీ వర్షాలకు కొండచరియలు జారిన చోట్ల రోడ్డు మీద ఎర్రమట్టి ఇంకా కుప్పలుగా ఉంది. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను ఈ కొండలలో మనుషులనే పొట్టన పెట్టుకున్నది కాబట్టి, అక్టోబరు వానంటే ఇక్కడివాళ్ళకు ఉన్న భయం మైదానంలో ఉన్నవాళ్ళకు అర్థం కాదు. గజపతి జిల్లా జనాభాలో 2011 లెక్కల ప్రకారం సుమారు 38 శాతం క్రైస్తవులు. బాప్టిస్టు గుడి ఒక మలుపులో, కతోలిక గుడి మరొక మలుపులో కనిపించడం ఇక్కడ వింత కాదు.

మేము వెళ్ళిన ఊళ్ళో గుడి అంటే రేకుల కప్పు, మట్టితో అలికిన నేల, గోడకు ఒక సిలువ, మరియమాత పటం. నెలకు ఒక్కసారి పూజ జరిగితే గొప్ప. మిగిలిన ఆదివారాలను ఉపదేశి నడుపుతాడు. ఆయన చోళ్ళు, కందులు పండించుకునే రైతు. గంట కొట్టి జనాన్ని పిలిచి, ఆ వారపు పఠనాలు చదివి, నాలుగు మాటలు వివరించి, ప్రార్థనలు చెప్పించి, పరలోక జపంతో ముగిస్తాడు. ఎవరింట్లో జ్వరం, ఎవరింట్లో పురుడు, ఏ జంట పెళ్ళి చాటింపు వేయాలి, ఏ పిల్లవాడికి జ్ఞానస్నానం బాకీ ఉంది అన్నది ఆయన చేతి నోటుపుస్తకంలో ఉంటుంది. ఫాదర్ గారు బండి దిగగానే ఆ పుస్తకాన్నే ముందు చూశారు. పూజకు ముందు పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర తప్పులు ఒప్పుకోవడానికి, కూర్చున్నవారి వరుస గుడి వెనక పనసచెట్టు దాకా సాగింది.

గుమ్మం పక్కన ఒక కుండ ఉంది. ఇంటింటా ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరుగా ఉంచి, వారం చివర ఆ కుండలో పోస్తారు. ఆ బియ్యం ఎవరికి వెళ్ళాలో నిర్ణయించేది కూడా ఆడవాళ్ళే. ఆ వారం అది కాలు విరిగి మంచాన పడిన ఒక కూలీ ఇంటికి వెళ్ళింది. అతను కతోలికుడు కాడు. ఫాదర్ గారు ఏమైనా అంటారేమోనని నేను చూశాను. ఆయన ఆ సంగతిలో తల దూర్చలేదు, బహుశా తల దూర్చే అధికారం తనకు లేదని ఆయనకు తెలుసు.

పట్టణానికి తిరిగి వచ్చాక ఆ ఊరి సంగతి పిన్నితో అన్నాను. గురువు లేకుండా వారాల తరబడి ఆదివారాలు గడవడం కష్టం కదా అని నా ఉద్దేశం. పిన్ని వంకాయలు తరుగుతూనే, "ఫాదరుగారొస్తేనే ఆదివారమా ఏటి నాన్నా? ఆయన లేని వారం మేం పాడుకోలేదా, చదువుకోలేదా? ఆయనొస్తే సత్ప్రసాదం అందుతాది, అదొక్కటే మాకు చేతకానిది" అన్నది. గురువులను తయారుచేసే వేదాంత పాఠశాలలో ఇంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పరు.

అక్టోబరు జపమాల మాసం కాబట్టి రాత్రి వాడ ప్రార్థన మా బాబాయి ఇంట్లోనే జరిగింది. ఆదివారం కనుక జపమాలలో ఆనాటి ధ్యానాంశాలు మహిమ దేవరహస్యాలు. పూసపూసకూ చెప్పే మంగళవార్త జపంలో మొదటి సగం తెలుగువాళ్ళు తెలుగులో చెబితే, రెండవ సగం ఒడియావాళ్ళు ఒడియాలో అందుకున్నారు. వీధిలో పిల్లలు దీపావళి టపాసులు ముందుగానే కాల్చడం మొదలుపెట్టారు. మూడవ రహస్యం దగ్గర ఒక బాంబు పేలి అందరూ ఉలిక్కిపడి మళ్ళీ లెక్క సరిచూసుకున్నారు. జపం ముగిసి శనగలు పంచుతుండగా క్రిస్మసు రాత్రి పాటల విషయం వచ్చింది. కిందటేడు తెలుగు పాట ఒక్కటే పాడించారని పిన్ని, ఈ ఏడు సవర పాటలకు ఎక్కువ చోటు ఇవ్వాలని సిస్టర్లు, పాటలు పెరిగితే పూజ రెండు గంటలు దాటుతుందని మాస్టారు వాదించుకున్నారు. ప్రసంగం తగ్గిస్తే సరిపోతుంది కదా అని హార్మోనియం కుర్రాడు నెమ్మదిగా అన్నాడు. అందరూ నవ్వారు గాని, ఆ మాటను ఫాదర్ గారి చెవిన వేసే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. చివరికి రెండు తెలుగు పాటలు, రెండు సవర పాటలు అని మాస్టారు కాగితం మీద రాశాడు. మూడో తెలుగు పాట పూజ అయ్యాక కేకు పంచేటప్పుడు పాడతామని పిన్ని చెప్పింది.